పేరు బ్యాలెట్ ఎక్కాలంటే

మాది నల్గొండ జిల్లా. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, బ్యాలెట్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది 1996 నాటి లోక్‌సభ ఎన్నికలే. ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిపోయిన మా పల్లెల గోడు ఢిల్లీ వాళ్ళ చెవికి ఎక్కడం లేదని, జనం వరసకట్టి నామినేషన్లు వేశారు. చివరికి పోటీలో మిగిలినవాళ్ళు 480 మంది! అంతమంది పేర్లు అచ్చువేసే ఏర్పాట్లు లేక పోలింగే వాయిదా పడింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, ఓటు లేదు. "నీళ్ళియ్యకపోతే ఓట్లెట్లేస్తరో చూస్తం" అని మా నాన్న అరుగు మీద కూర్చుని నవ్వడం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఆ రోజుల్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలు, అసెంబ్లీకి 250. అదే ఏడు తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి 1033 మంది నిలబడ్డారు. దాంతో ప్రభుత్వం మేలుకుంది. ఆ ఏడాదే చట్టం మార్చి అసెంబ్లీ డిపాజిట్‌ను 5000 రూపాయలు చేశారు. తర్వాత అది 10,000 అయింది. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులకు అందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్రుడికి మాత్రం ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకం పెట్టాలి. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గోవిందా. అంటే అక్కడ గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగేది ముఖ్యంగా డబ్బు.

ఇక్కడ, మన ఇల్లినాయిలో, అడిగేది వేరు. అది నాకు తెలిసింది 2023 ఆగస్టులో.

మా ఆవిడ స్నేహితురాలి కూతురు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. చిన్నప్పుడు మన సంఘం స్టేజీ మీద కూచిపూడి నాట్యం చేసిన పిల్లే. "అంకుల్, స్టేట్ రిప్రజెంటేటివ్‌గా నిలబడుతున్నాను, మీ సాయం కావాలి" అంది. పెద్దమనిషి తరహాగా చెక్కు పుస్తకం తీశాను. "చెక్కు తర్వాత అంకుల్. ముందు సంతకాలు" అని నా చేతిలో ఒక అట్ట, దానికి బిగించిన కాగితాల కట్ట పెట్టింది. అప్పటికి నేను సిటిజన్‌నై రెండేళ్ళు. ఓటు వేయడమంటే పొద్దున్నే వెళ్ళి స్టిక్కరు అంటించుకుని రావడమేనని అనుకుంటున్న రోజులు.

మన రాష్ట్ర దిగువసభలో 118 మంది, సెనేట్‌లో 59 మంది. దిగువసభకు పోటీ చేయాలంటే 21 ఏళ్ళు నిండాలి, అమెరికా పౌరసత్వం ఉండాలి, ఎన్నిక నాటికి రెండేళ్ళుగా ఆ నియోజకవర్గంలో కాపురం ఉండాలి. రుసుము లేదు, డిపాజిట్ లేదు. ఇంతవరకూ బాగానే ఉంది కదా! కానీ పార్టీ ప్రైమరీ బ్యాలెట్ మీద పేరు పడాలంటే ఆ నియోజకవర్గం ఓటర్ల సంతకాలు కనీసం 500 తేవాలి, 1500 మించకూడదు. సెనేట్‌కు దీనికి రెట్టింపు. గడువు 90 రోజులు. ఆ ఏడు సెప్టెంబరు 5న మొదలై డిసెంబరు 4న ముగిసింది. పార్టీ లేకుండా నిలబడేవారి లెక్క వేరు, అది ఇంతకంటే కష్టం.

అన్ని రాష్ట్రాలూ ఇలా ఉండవు. టెక్సస్‌లో దిగువసభకు 750 డాలర్లు కడితే సరిపోతుంది, లేదంటే 500 సంతకాలు. జార్జియాలో 400 డాలర్లు. పెన్సిల్వేనియాలో 300 సంతకాలే గానీ మూడు వారాల్లో తేవాలి, అదీ చలికాలంలో. 2001లో న్యూజెర్సీ అసెంబ్లీకి ఎన్నికైన మన నెల్లూరు ఇంజనీరు ఉపేంద్ర చివుకుల గారిని పత్రికల్లో చూసి పొంగిపోయాం గానీ, ఆయన పేరు బ్యాలెట్ మీదికి ఎలా ఎక్కిందని అడగాలన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు.

ఆ 90 రోజులూ మన పండగల రోజులే. వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ అందులోనే వచ్చాయి. ఇంకేం, మనవాళ్ళు వందలమంది ఒకచోట చేరతారు, ఒక్క సాయంత్రంలో పని అయిపోతుందనుకున్నాను. ఆ భ్రమ చవితి నాడే వదిలింది. నలభై మందిని అడిగితే పనికొచ్చినవి తొమ్మిది! ఉత్సాహంగా పెన్ను లాక్కునే కుర్రాళ్ళంతా హెచ్-1 మీద ఉన్నవాళ్ళు. వాళ్ళు పెట్టకూడదు, పెడితే రేపు వాళ్ళకే చిక్కు. గ్రీన్ కార్డు వాళ్ళదీ అదే సంగతి. సిటిజన్లలో కొందరు ప్రమాణం చేసి జెండా ఊపి ఫొటో దిగారు గానీ, ఓటరుగా నమోదు చేసుకోనే లేదు. ఇంకొందరు ఇల్లు మారి నాలుగేళ్ళయినా పాత చిరునామాతోనే ఉన్నారు. నియోజకవర్గం గీతలు మరీ విచిత్రం. మా వీధికి ఇవతల మాది ఒకటి, అవతల మా బావమరిది వాళ్ళది వేరొకటి. మటన్ బిర్యానీ పెట్టి మరీ పనికిరాని సంతకం చేశాడు పాపం.

మన రాష్ట్రంలో ఓటరు నమోదులో పార్టీ పేరు రాయరు. కానీ ఒక పార్టీ అభ్యర్థికి సంతకం పెట్టినవాళ్ళు అదే ప్రైమరీలో రెండో పార్టీ వాళ్ళ కాగితం మీద పెట్టకూడదు. మనవాళ్ళు మొహమాటస్థులు, ఎవరడిగినా పెట్టేస్తారు. "అన్నా, నిన్ననే కాస్ట్‌కో ముందర ఇంకెవరికో పెట్టిన, మీకు గూడ పెడ్త" అన్న మిత్రుడిని చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ఇక అసలు కథకొస్తాను. నవంబరు 11, శనివారం, మన సంఘం దీపావళి. హాల్లో బల్ల వేసుకుంటానని అడిగితే అధ్యక్షుల వారు ఒప్పుకోలేదు. మన సంఘం పన్ను మినహాయింపు ఉన్న సంస్థ, ఏ అభ్యర్థి వైపూ మొగ్గకూడదు. కాస్త కోపం వచ్చిన మాట నిజమే గానీ ఆయన చెప్పిందే రైటు. పార్కింగ్ దగ్గర కాలిబాట మీద కోటు వేసుకుని నిలబడ్డాను. చలికి పెన్నుల్లో ఇంకు గడ్డకట్టే పరిస్థితి. ఏడున్నరకు మా అమ్మాయి డాన్సు ఉందని లోపలినుంచి కబురు. అట్టను మా పదహారేళ్ళ వాడి చేతిలో పెట్టి పరుగెత్తాను. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూస్తే వాడు నాకంటే గట్టివాడని తేలింది. రెండు కాగితాలు నిండి ఉన్నాయి. ఇరవై ఏడు సంతకాలు! వీపు తట్టాను.

మర్నాటి సాయంత్రం నోటరీ ముందు కూర్చున్నాం. ప్రతి కాగితం అడుగున, సంతకాలు సేకరించినవాడు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఆ చిన్న అక్షరాలు నేను చదవలేదు. 'ఈ సంతకాలు నా ఎదుట చేయబడినవి' అని ఉంది. సేకరించేవాడికి మామూలుగా 18 ఏళ్ళు నిండాలని కూడా చట్టం. మా వాడికి పదహారు.

చేయి ఆగింది. మా ఆవిడ "సంతకాలు దొంగవి కావు కదండీ, మన సుబ్బారావు గారు, లక్ష్మీ వదినా పెట్టినవేగా" అంది. నిజమే. ఒక్కటీ దొంగది కాదు. ఎవరికీ తెలిసేదీ కాదు. కానీ నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. నేను చూడని డ్రాయింగు మీద నా ముద్ర వేయమంటే మా కంపెనీ ప్రెసిడెంటుకే వేయను. పక్కన మా వాడు నిలబడి చూస్తున్నాడు. అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె దగ్గర అప్పటికి ఆరువందల చిల్లర ఉన్నాయి, మూడు వారాలు మిగిలింది. ఒక్క క్షణం మాట్లాడలేదు. "మీరు చూడలేదుగా అంకుల్. పక్కన పెట్టేయండి" అంది.

పక్కన పెట్టాను. తర్వాత రెండు వారాలు, ఆఫీసు నుంచి వస్తూ, ఆ ఇరవై ఏడు ఇళ్ళకూ వెళ్ళాను. ఒకాయన ఇండియా వెళ్ళిపోయారు. ఇద్దరు "మొన్న పెట్టాం కదండీ, మళ్ళీ ఏమిటి?" అని తలుపు సగం తెరిచే మాట్లాడారు. ఒకామె ఇంకా సిటిజన్ కాలేదని అప్పుడు తేలింది. మొత్తం మీద పంతొమ్మిది మంది నా ఎదుట మళ్ళీ పెట్టారు. తాగిన టీలకు లెక్క లేదు.

మొత్తం 742 సంతకాలతో, గడువు చివరి రోజున స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాగితాలు దాఖలు చేశాం. మూడు గంటల డ్రైవు. కాగితాలకు ఒకటి నుంచి వరసగా నంబర్లు వేసి, పుస్తకంలా కట్టి ఇవ్వాలి. ఇచ్చాక ఒక్క పేరు కలపడానికీ తీయడానికీ వీల్లేదు. ఆస్తిపాస్తుల ప్రకటన వేరే ఆఫీసులో ఇచ్చి ఆ రసీదూ గడువులోపే జతచేయాలి. అది మరిచిపోతే సంతకాలు ఎన్నున్నా దండగే.

తిరుగు దారిలో, మాతో వచ్చిన లాయరు ఒక కథ చెప్పాడు. 1996లో చికాగో దక్షిణ భాగంలోని 13వ సెనేట్ స్థానానికి ప్రైమరీ. అప్పటి సెనేటర్ ఆలిస్ పామర్ ముందు కాంగ్రెస్ ఉపఎన్నికకు వెళ్ళి, అక్కడ ఓడిపోయి, మళ్ళీ తన సీటుకే వచ్చింది. కావలసినవి 757 సంతకాలు. హడావుడిగా 1580 తెచ్చింది. ఆమె స్థానంలో నిలబడ్డ కుర్ర లాయరు మనుషులు ఒక్కొక్క పేరూ ఓటర్ల జాబితాతో సరిచూసి అభ్యంతరాలు వేశారు. పామర్ తప్పుకుంది, మిగిలిన ముగ్గురి పేర్లూ బ్యాలెట్ ఎక్కలేదు. పోటీ లేకుండా గెలిచిన ఆ కుర్రవాడు బరాక్ ఒబామా. అదే 1996! మా ఊళ్ళో 480 పేర్లు, ఇక్కడ ఒక్క పేరు. జనానికి ఏది మేలో నేను చెప్పలేను గానీ, ఆ రాత్రి కార్లో మాత్రం నాకు మా నల్గొండే ముద్దొచ్చింది.

లాయరు ఆ కథ ఊరికే చెప్పలేదు. దాఖలు గడువు ముగిశాక ఐదు పనిదినాల్లో ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఐదో రోజు సాయంత్రం మా మీదా పడింది. ఇతను నమోదు కాలేదు, ఈమె వేరే నియోజకవర్గం, ఈ సంతకం రికార్డులోని దానితో కలవడం లేదు అంటూ లైను లైనుకూ. కంప్యూటర్ ముందు గుమాస్తా, ఆమెకు అటొకడూ ఇటొకడూ, పేరు పేరునా పరీక్ష. మా వైపు కుర్చీలో ఒక పూట నేనే కూర్చున్నాను. డాక్టరు మిత్రులకు మనవి. మీ ప్రిస్క్రిప్షన్ సంతకాలు మందుల షాపు వాడికి తెలుస్తాయేమో గానీ ఎన్నికల బోర్డుకు తెలియవు. మీలో నలుగురిని ఆ గీతల పుణ్యాన పోగొట్టుకున్నాం.

పరీక్ష ముగిసేసరికి 246 ఎగిరిపోయాయి. మిగిలినవి 496.

నాలుగు తక్కువ!

అయితే సంతకం తనదేనని ఓటరే నోటరీ ముందు ప్రమాణపత్రం ఇస్తే, పోయినదాన్ని తిరిగి చేర్చే అవకాశం ఉంది. వ్యవధి తక్కువ. మళ్ళీ ఇళ్ళ మీద పడ్డాం. అందులో ఒక బామ్మగారు ఉన్నారు, ఎనభై దాటినావిడ. ఓటరుగా నమోదైనప్పుడు మనవడు నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతో సంతకం చేశారు. నా కాగితం మీద మాత్రం, తెలుగువాణ్ణి చూసిన ధైర్యంతో కాబోలు, గుండ్రంగా తెలుగులో పెట్టారు. గుమాస్తాకు ఆ రెండూ ఒకరివెలా అవుతాయి? నోటరీని వెంటబెట్టుకుని మంచులో వాళ్ళింటికి వెళ్ళాను. "నా పేరు నేను రాసుకుంటే తప్పేమిటి నాయనా?" అన్నారు. తప్పు లేదమ్మా, ఇంకోసారి చెప్పాలంతే అన్నాను. కళ్ళజోడు వెతుక్కుని, ఈసారి రెండు భాషల్లోనూ పెట్టారు.

తొమ్మిది సంతకాలు తిరిగొచ్చాయి. 505. నేను రెండోసారి ఇళ్ళకు తిరిగి తెచ్చిన పంతొమ్మిదిలో పదిహేడు పరీక్షలో నిలబడ్డాయి. ఆ లెక్క మా వాడు వేసి చూపించాడు.

అమ్మాయి పేరు బ్యాలెట్ ఎక్కింది. 2024 మార్చి 19న జరిగిన ప్రైమరీలో గెలవలేదు. అది వేరే కథ, ఎప్పుడైనా ఆమె చేతే రాయిద్దాం. నమూనా బ్యాలెట్ మాత్రం బామ్మగారింట్లో ఫ్రిజ్ మీద ఇంకా అంటించి ఉంది.

2026 ప్రైమరీకి సంతకాలు 2025 ఆగస్టు 5న మొదలయ్యాయి. అప్పటికి మా వాడికి పద్దెనిమిది నిండాయి. అట్ట తనే పట్టుకుని ఎండలో ఊరంతా తిరిగాడు. నోటరీ ముందు కాగితం తిప్పి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు పైకి చదివి మరీ సంతకం పెట్టాడు. నేను కారులోనే కూర్చున్నాను.