214వ పేజీ దగ్గర ఆపేశాను

నేను ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మా తాతయ్య విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ ఇచ్చారు. దాదాపు వెయ్యి పేజీలు. ప్రతి ఆదివారం ఫోన్‌లో "ఎంతవరకు వచ్చావురా?" అని అడుగుతారు. నాలుగు నెలలుగా నేను 214లోనే ఉన్నాను.

ఇంగ్లీష్ నవల సగంలో ఆపేస్తే "నచ్చలేదు" అంటాం, అయిపోతుంది. తెలుగు నవల ఆపితే మాత్రం "ఇంగ్లీష్ మీడియం కదా, తెలుగు రాదు" అంటారు. పైగా ఇది జ్ఞానపీఠ్ అందుకున్న రచయిత నవల, పి.వి. నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించిన నవల. ఆపడానికి నేనెవణ్ణి? అలా సిగ్గుతోనే రోజుకి రెండు పేజీలు ఈడ్చాను.

214 పేజీలు చదివేశాం కదా అని మిగతా 800 చదవడం ‘సంక్ కాస్ట్’ పొరపాటు. పోయిన టైమ్ చదివినా రాదు, ఆపినా రాదు. ఇది తెలుసు. మరి ఎప్పుడు ఆపాలి? నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ 50 పేజీలు చదివి చూడమంటారు. మీకు 50 ఏళ్లు దాటితే 100లోంచి మీ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చాలట! కానీ ఈ రూల్ మనలాంటి వాళ్లకి సరిపోదు. తెలుగులో నా స్పీడ్ తక్కువ. 50 పేజీల తర్వాత విసుగొస్తే అది నవల మీదా, నా కళ్ల మీదా?

దీనికి ఒక టెస్ట్ దొరికింది, అదీ అనుకోకుండా. కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’లో పల్లె మాటల దగ్గర తడబడి పక్కన పడేశాను. మా రూమ్మేట్‌ది మదనపల్లె. ఒక రాత్రి వాడు అందులో నాలుగు పేజీలు పైకి చదివాడు. తప్పిపోయిన పంది కోసం అడవిలో వెతికే ముసలాయన కళ్లముందే కనిపించాడు. నిద్ర మానుకుని పూర్తి చేశాను. అంటే అక్కడ ప్రాబ్లమ్ నా చదువుడు స్పీడే.

‘వేయిపడగలు’కీ అదే చేశాం. వాడు చదివాడు, నేను విన్నాను. భాష బాగానే అర్థమైంది, కొన్ని వాక్యాలు మళ్లీ చదివించుకున్నాను కూడా. కానీ కథ ఆగి ధర్మారావు చర్చలు మొదలైతే నా మనసు ఎటో పోతోంది. సుబ్బన్నపేటలో కూలిపోతున్న పాత వ్యవస్థ గురించి రచయితకున్న బాధ గొప్పదే కావచ్చు, నాకు మాత్రం అది అంటడం లేదు. ఇది తెలుగు రాకపోవడం కాదు, టేస్ట్ కలవకపోవడం. ఆ తేడా తెలిశాక సిగ్గు పోయింది.

మొన్న ఆదివారం చెప్పేశాను. తాతయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎవరికీ ఇచ్చెయ్యకు, పండక్కి వచ్చేటప్పుడు పట్టుకురా" అన్నారు. "ఆ పంది నవల కూడా తే."