సముద్రపుటొడ్డున ఇల్లు కొనేముందు

బాపట్ల నుండి సూర్యలంక పోయే దారిలోను, చీరాల నుండి వాడరేవు, రామాపురం పోయే దారిలోను, విశాఖపట్నం నుండి భీమిలి వరకును సముద్రాన్ని చూపించి స్థలాలూ ఇళ్ళూ అమ్మజూపేవారు నేడు చాలామంది ఉన్నారు. కొనేవారిలో మన సంఘస్థులూ ఉన్నారు. రిటైరైన టీచరుగారి గ్రాట్యుటీ, గల్ఫులో ఉన్న కుమారుడు పంపిన సొమ్ము, కొన్నిసార్లు అమ్మిన అరెకరం పొలం డబ్బు అక్కడికి పోతుంటుంది. మనుమలు సెలవులకు వస్తే ఉండవచ్చు, మిగిలిన రోజులలో టూరిస్టులకు అద్దెకివ్వవచ్చు అన్నది వారి ఆశ. ఆశ తప్పు కాదు. సముద్రాన్ని చేసిన దేవుడే ఆ గాలినీ ఇచ్చాడు.

ఇసుక మీద ఇల్లు కట్టిన మనిషి ఉపమానం సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అతడు బుద్ధిహీనుడే గాని మోసగాడు కాడు. తన ఇంటిలో తానే ఉన్నాడు. ఈ రోజులలో ఇసుక మీద కట్టేవాడొకడు, డబ్బిచ్చి అందులో కాపురముండేవాడు మరొకడు!

అడ్వాన్సు ఇవ్వకముందే తెలుసుకోవలసినది పోటు గీత ఎక్కడున్నదని. పోటు సమయంలో నీరు వచ్చే పైహద్దును ప్రభుత్వం గీతగా గుర్తిస్తుంది. 1991లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన తీరప్రాంత నిబంధనల ప్రకారం ఆ గీత నుండి 500 మీటర్ల వరకు కట్టడాల మీద ఆంక్షలున్నాయి. 2019లో వాటిని మార్చారు. పల్లె ప్రాంతాలలో సాధారణంగా మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టరాదు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న పల్లెలకు, తీర ప్రణాళిక ఆమోదం పొందినచోట, ఈ హద్దు 50 మీటర్లు. పట్టణాలకు వేరే లెక్క ఉంది. పంచాయతీ రసీదు ఉన్నంత మాత్రాన ఈ నిబంధన తొలగిపోదు.

పొరుగున కేరళలో ఏమి జరిగిందో చూడండి. కొచ్చి దగ్గర మరడులో నీటి ఒడ్డున నాలుగు పెద్ద భవన సముదాయాలు లేచాయి. కొన్నవారు రిజిస్టరు చేయించుకున్నారు, పన్నులు కట్టారు, కాపురముంటున్నారు. అవి తీర నిబంధనలకు విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీలలో వాటిని పేల్చి నేలమట్టం చేశారు. ఒక్కొక్క ఫ్లాటు యజమానికి తాత్కాలిక పరిహారంగా 25 లక్షలు ఇమ్మని కోర్టు చెప్పింది గాని, ఇల్లు మాత్రం పోయింది.

ఇక రెండవది, అందరూ తేలికగా దాటిపోయేది: ఆ నేల ఎవరిదని. తీరాన చవకగా దొరికే నేలలో అసైన్డ్ భూమి ఉండవచ్చు. పేదవాడు బ్రతకాలని ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. దానిని ఇతరులు కొనకుండా 1977లో మన రాష్ట్రంలో చట్టం చేశారు. అలా కొన్నది చెల్లదు. ప్రభుత్వం తిరిగి తీసుకోవచ్చు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి, పొంది 20 ఏళ్ళు నిండిన అసలు పట్టాదారులకు అమ్ముకునే హక్కు కల్పించారు. అయితే మీరు చూసిన సర్వే నంబరు నిషేధిత జాబితాలో నుండి తీసివేయబడిందో లేదో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో విచారించి తీరాలి. ఇ.సి., అడంగల్, 1-బి మూడూ చూడండి. నోటరీ కాగితం మీద భూమి కొనవద్దు. బ్యాంకు అప్పు ఇవ్వనంటే మేనేజరుగారి మీద కోపగించక కారణం అడగండి.

చట్టం సరే, మనస్సాక్షి మాటేమిటి? అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను ఊరికే అడగలేదు, వెల ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యమని నాబోతు కాదన్నాడు. మన తీరపు నాబోతు కాదనడు. కూతురి పెళ్ళికో, ఆసుపత్రి అప్పుకో అడిగినంతకే సంతకం పెట్టేస్తాడు. మూడేళ్ళకు అదే నేల పదింతలు పలికితే, అతడు ఆ ఇంటికే వాచ్‌మన్‌గా వస్తాడు. జాలరులు వలలు ఆరబెట్టుకొనే చోటును, పడవ దగ్గరకు పోయే దారిని ప్రహరీలో కలుపుకున్నవారు కూడా ఆదివారం గుడిలో మన ప్రక్కనే కూర్చోవచ్చు.

సముద్రం సంగతి వేరుగా చెప్పాలా? 1977 నవంబరు 19 దివిసీమ, 1996 నవంబరు 6 కోనసీమ, 2004 డిసెంబరు 26 సునామీ, 2014 అక్టోబరు 12 విశాఖలో హుద్‌హుద్, 2023 డిసెంబరు 5 బాపట్ల దగ్గర మిచౌంగ్. ఉప్పాడలో తుపాను లేని నాడు కూడా అలలు ఒడ్డును కోస్తూనే ఉన్నాయి. కాకినాడ పోయే రోడ్డు ఎన్నిసార్లు తెగిందో ఆ ఊరివారినడగండి. వీటిని తట్టుకున్న ఇంటికీ ఉప్పుగాలి తప్పదు. కిటికీ గ్రిల్సు, తలుపు బందులు తుప్పుపడతాయి. స్లాబులోని ఊచలు ఉబ్బి పెచ్చులూడతాయి. ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసిన ఇంటికి ఇది మరీ చేటు. ఏడాదికి వారం రోజుల విడిదికైతే అద్దె గది చాలు.

అయినా కొనదలచినవారు జనవరి ఎండలో కాక నవంబరు ముసురులో వెళ్ళి చూడండి. అమ్మేవాని కారులో కాక బస్సులో వెళ్ళండి. జాలరిపేటలో పెద్దవారెవరినైనా, "తాతగారూ, ఏ తుపానుకు నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?" అని అడిగితే చెయ్యి చాపి చూపిస్తారు. అక్కడే ఎవరింటనైనా బావినీళ్ళు ఒక గ్లాసు అడిగి త్రాగి, ఉప్పు తగిలిందేమో చూడండి.