ఊరికి ఏడాదంతా వచ్చిన చుట్టాలు: కథలోళ్లు, పటమోళ్లు, చిందోళ్లు

నేను భిక్నూర్ నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్‌లో బతుకమ్మ పాటల గురించి చెప్పుకున్నాం కదా. అవి మన వాకిట్లో, మన ఆడోళ్లు పాడుకునే పాటలు. ఈ రోజు చెప్పబోయేది మన పాట కాదు, మన ఊరికి చుట్టంలా వచ్చే పాట. ఏ నెలలో ఎవరు వచ్చేవాళ్లు, ఎందుకు వచ్చేవాళ్లు, వాళ్లకు అన్నం ఎవరు పెట్టేవాళ్లు, ఇప్పుడెందుకు రావడం లేదు. ఇవీ ఈ రోజు సంగతులు.

దీనికి ఒక కారణం ఉంది. నాతో చదువుకున్న దోస్తు ఒకడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. వాళ్లుండే టౌన్లో ‘ఫోక్ క్లబ్’ అని ఒకటి ఉందట. 1950లు, 60లలో అక్కడ ఇలాంటివి చాలా ఊళ్లల్లో పుట్టాయి. పద్ధతి ఏంటంటే, వారానికో రాత్రి ఒక గదిలో చేరతారు. ముందు ఊరివాళ్లే తలా ఒక పాట పాడతారు. తర్వాత ఆ రోజుకు పిలిచిన అతిథి పాడతాడు. గుమ్మం దగ్గర వసూలైన పైసల్లోంచి ఆయనకు ఇస్తారు. ఏ తారీఖున ఎవరొస్తారో ముందే కార్డు అచ్చు వేస్తారు. మావాడు ఆ కార్డు ఫొటో పంపి, ‘మన ఊళ్లె గిట్లాంటిది ఉంటే ఎంత మంచిగుండు రా’ అన్నాడు.

నేనన్నాను, ‘ఉండె కదరా. కార్డు అచ్చు కాలేదు, అంతే.’

ఆ అచ్చు కాని కార్డును ఇప్పుడు మీకు చదివి వినిపిస్తాను.

వానాకాలం పంట కోతలతో మొదలుపెడదాం. వరి కోసి, కుప్పేసి, కళ్లం చేసే రోజులు. సంచార కళాకారులకు అసలు సీజన్ అదే. ఎందుకంటే ఊళ్లో గింజలు ఉండేది అప్పుడే. కళ్లం దగ్గర ధాన్యం రాశి పోశాక, ఇంటికి తీసుకుపోకముందే కొంత పక్కకు తీసేవాళ్లు. చాకలికింత, మంగలికింత, కుమ్మరికింత, కథ చెప్పేవాళ్లకింత. సంక్రాంతికి గంగిరెద్దులవాళ్లు వచ్చేవాళ్లు. తెల్లవారకముందే డమరుకం ఆడిస్తూ బుడబుక్కలవాడు వచ్చేవాడు. అదే సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లిలో మల్లన్న జాతర. అందుకని ఊళ్లల్లో కూడా మల్లన్నకు పట్నాలు వేయించుకునే రోజులు అవే. అప్పుడు ఒగ్గువాళ్లు రావాల్సిందే. శివరాత్రికి మా సిద్ధరామేశ్వర స్వామి గుడి దగ్గర జనం. జనం ఉన్నచోటికి ఆడేవాళ్లు, పాడేవాళ్లు రావడం కొత్త సంగతేం కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం శివరాత్రి గురించి చెబుతూ, అక్కడికొచ్చిన ఆటగాళ్లను, పాటగాళ్లను వరుసపెట్టి వర్ణించాడు. ఎండాకాలం వస్తే పనులు తక్కువ, రాత్రులు బయటే పడక. చిందు భాగోతాలకు అది తగిన కాలం. ఆషాఢంలో బోనాలు. తర్వాత వానలు, నాట్లు. అప్పుడు రాకపోకలు తగ్గేవి. మళ్లీ బతుకమ్మకు ఊరి పాట ఊరిదే. ఇదీ ఏడాది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది, గమనించండి. ఇంగ్లండ్ క్లబ్‌లో అతిథి ఎవరైనా కావచ్చు, వినేవాడు ఎవరైనా కావచ్చు. మన దగ్గర అట్ల కాదు. ఒక్కో కులానికి ఒక్కో కథకుల కులం ఉంది. వీళ్లనే ఆశ్రిత కులాలు, ఉపకులాలు అంటారు. గొల్ల కురుమలకు ఒగ్గువాళ్లు మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతారు. గొల్లలకు మందెచ్చువాళ్లు కాటమరాజు కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. గౌండ్లవాళ్లకు గౌడజెట్టివాళ్లు. చాకలివాళ్లకు మడేలు పురాణం చెప్పే పటంవాళ్లు. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. మా పద్మశాలీలకు కూనపులివాళ్లు.

వీళ్లు అడుక్కోవడానికి వచ్చేవాళ్లని చాలామంది అనుకుంటారు. కాదు. వాళ్లది హక్కు. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అని పంపకం ఉంటుంది. దాన్ని మిరాశీ అంటారు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టు ఊళ్లను పంచుకుంటారు. ఒకరి మిరాశీ ఊళ్లోకి ఇంకొకరు పోయి కథ చెప్పకూడదు. కథ అయ్యాక కులం ఇచ్చేదాన్ని భిక్షం అనరు, కూలి అనరు. ‘త్యాగం’ అంటారు. ఎంత ఇవ్వాలో కుల పెద్దలు కూర్చుని తేలుస్తారు. గడపకింత అని వసూలు చేస్తారు.

మరి కథలో ఏముంటుంది? మా ఇంటి సంగతే చెప్తాను. కూనపులివాళ్లు పటం తెచ్చేవాళ్లు. పటం అంటే బట్ట మీద వేసిన బొమ్మల చుట్ట. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీవాళ్లు వేసేవి ఇవి. మూడడుగుల వెడల్పు, నిలువుగా 40 అడుగులు దాటి కూడా ఉండేవి. ఎర్రటి నేల మీద పసుపు, నీలం, తెలుపు రంగుల్లో బొమ్మలు. చుట్టను ఒక్కో గడిగా దింపుతూ, పుల్లతో చూపిస్తూ కథ నడిపిస్తారు. మార్కండేయుడు, ఆయన కొడుకు భావనారుషి, తామర తూడు నారతో దేవతలకు బట్ట నేయడం, పులి నెక్కి తిరగడం, భద్రావతితో పెళ్లి, కాలవాసురుడితో యుద్ధం. నాకు చిన్నప్పుడు ఆ పులి బొమ్మ వచ్చేదాకా నిద్ర ఆగేది కాదు. పులి రాగానే లేపమని మా అమ్మకు చెప్పి పడుకునేవాణ్ని.

హైదరాబాద్‌లోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో భావనారుషి కథ పటం ఒకటి ఉంది. 17వ శతాబ్దానిది. అంటే వందల ఏళ్ల కింద కూడా ఎవరో ఒక కథకుడు ఏదో ఒక శాలీల వాడలో ఆ కథ చెబుతూనే ఉన్నాడు.

కథ మధ్యలో గోత్రాలు చదివేవాళ్లు. పద్మశాలీలకు 101 గోత్రాలంటారు. మా గోత్రం రాగానే మా తాత లేచి నిలబడేవాడు. పొద్దంతా మగ్గం గుంటలో కూర్చుని నడుం వంగిపోయిన మనిషి, ఆ ఒక్క నిమిషం నిటారుగా నిలబడేవాడు. అప్పుడు నాకర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. ఏడాదంతా ఊళ్లో ఆయన అప్పులున్న నేతగాడు. ఆ రాత్రి మాత్రం దేవతలకు బట్ట నేసిన రుషి వంశంవాడు.

మాదిగలకు చెప్పే జాంబపురాణం ఇంకా పెద్ద మాట చెబుతుంది. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని అంటుంది ఆ కథ. ఊరు ఎవరిని అందరికంటే కింద పెట్టిందో, అందరికంటే పెద్దవాళ్లు వాళ్లేనని నిలబడి చెప్పే కథ అది. ఊళ్లో ఇంకెవరు చెబుతారు ఆ మాట వాళ్లకు? బళ్లో చెప్పరు, గుళ్లో చెప్పరు. చుట్టమే వచ్చి చెప్పాలి. అందుకే నేననేది, వీళ్లు మన వినోదానికి వచ్చినవాళ్లు కాదు. మన కథను మనకోసం దాచిపెట్టినవాళ్లు. దాని కర్త మనం కాదు, దాని కాపలా మనం కాదు. పెట్టె వాళ్ల దగ్గర ఉంది. ఏడాదికోసారో, రెండు మూడేళ్లకోసారో తెచ్చి, తెరిచి చూపించి పోయేవాళ్లు.

మరి ఎందుకు ఆగిపోయింది? టీవీ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది అంటారు. అదీ నిజమే. కానీ నాకు కనిపించే పెద్ద కారణం వేరే. కళ్లం పోయింది. ఇప్పుడు వరి ఎట్ల కోస్తున్నాం? హార్వెస్టర్ వస్తుంది. రెండు గంటల్లో కోసి ట్రాక్టర్‌లో పోస్తుంది. ధాన్యం నేరుగా కొనుగోలు సెంటర్‌కు పోతుంది. పైసలు బ్యాంకు ఖాతాలో పడతాయి. రాశి ఇంటికి రాదు. రాశి ముందు నిలబడి ‘నా వంతు’ అనడానికి చోటే లేదు. చాకలి, మంగలి తమ పనికి రేటు పెట్టుకుని పైసలు తీసుకోవడం నేర్చుకున్నారు. కథకుడు ఏం రేటు పెడతాడు? ఏ ఇంటి గడప ముందు నిలబడి అడుగుతాడు? పైగా మా దిక్కు మగవాళ్లు దుబాయికి, బొంబాయికి పోయారు. ఆడోళ్లు బీడీల చాట ముందు కూర్చున్నారు. నేతగాళ్లు మగ్గాలు వదిలేశారు. త్యాగం తేల్చడానికి కూర్చునే పెద్దమనుషులు ఎక్కడున్నారు? చిత్రం ఏంటంటే, కుల సంఘాలు బలపడ్డాయి, కమ్యూనిటీ హాళ్లు కట్టుకున్నాం. ఆ హాళ్లల్లో పెళ్లిళ్లు అవుతాయి, మీటింగులు అవుతాయి. కథ మాత్రం కాదు.

ఇంకొకరి మీదికి నెట్టేసి పోను. నా తప్పు కూడా చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక సాయంత్రం కూనపులి ఆయన మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. ముసలాయన. పక్కన చుట్ట మోసుకుంటూ ఒక పిల్లగాడు. ‘బాపూ, కథ పెట్టించుకుంటారా, మీ వాడోళ్లను అడుగుతారా’ అన్నాడు. నాకేదో పనుంది. యాభై రూపాయలు చేతిలో పెట్టి, ‘వచ్చే ఏడు చూద్దాం తాతా’ అన్నాను. ఆయన తీసుకున్నాడు. తీసుకుని, ‘నీ గోత్రం ఏంది బిడ్డా’ అని అడిగాడు. నేను తడుముకున్నాను. ఆయనే మా తాత పేరు అడిగి, మా గోత్రం చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఏ ఊరినుంచి వచ్చాడో కూడా నేను అడగలేదు. యాభై రూపాయలిచ్చిన ఆ క్షణంలో, హక్కుతో వచ్చిన చుట్టాన్ని నేను బిచ్చగాణ్ని చేశానని నాకు తర్వాత తెలిసింది.

అయితే ఒక జాగ్రత్త. పాతదంతా బంగారం అని నేననడం లేదు. ఈ ఏర్పాటు కులం మీద నిలబడింది. డక్కలివాళ్లను మాదిగవాడలోకి కూడా రానివ్వకుండా వాడ బయటే ఉంచేవాళ్లు. కథ కావాలి, కథకుడు గడప తొక్కకూడదు! చిందు మేళాల ఆడవాళ్లు ఎదుర్కొన్న అవమానాలు తక్కువవి కాదు. బోధన్ దగ్గర అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ మన పాత నిజామాబాద్ జిల్లా మనిషే. ఎల్లమ్మ వేషం కడితే జనం దేవతగా మొక్కేవాళ్లు. వేషం తీస్తే మళ్లీ ఊరి చివరే. 2005లో ఆమె పోయింది. కాబట్టి ఈ కళాకారుల పిల్లలు చదువుకుని వేరే కొలువులకు పోతే అది మంచిదే. పిల్లగాడు చుట్ట మోయడం మానేశాడని బాధపడే హక్కు మనకు లేదు.

మరి గుర్తింపు రాలేదా అంటే, వచ్చింది. ఒగ్గు కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన 2017లో కన్నుమూశాడు. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ. చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ. సంతోషం. కానీ ఢిల్లీ పిలిచినంత మాత్రాన ఊరు పిలిచినట్టు కాదు. సభలో పది నిమిషాలు ఇస్తారు. రాత్రుళ్లకు రాత్రుళ్లు నడిచే కథ పది నిమిషాల్లో ఎట్ల ఇముడుతుంది? అక్కడ గోత్రం చెప్పించుకునేవాళ్లు ఎవరుంటారు?

అందుకని మనం చేయగలిగింది చెప్పి ముగిస్తాను. మూడే పనులు.

ఒకటి, పట్టిక రాయండి. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లను అడగండి. మన కులానికి ఎవరొచ్చేవాళ్లు, ఏ ఊరినుంచి, ఏ నెలలో, ఏ కథ, చివరిసారి ఎప్పుడు. మా వాడలో నేను అడిగితే చివరిసారి ఎప్పుడన్నది ఇద్దరు ఒక్క మాట చెప్పలేదు. అంటే ఇప్పటికే ఆలస్యమైంది. భిక్నూర్‌లోనే తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ ఉంది. అక్కడ చదివే పిల్లలు సెలవులకు తమ తమ ఊళ్లకు పోతారు. ఈ పని వాళ్లకంటే బాగా ఎవరు చేస్తారు?

రెండు, పిలవండి. వాళ్లు వచ్చేదాకా చూడొద్దు, మనమే కబురు పెట్టాలి. కమ్యూనిటీ హాలు ఉంది కదా, ఆ గడప లోపలికే పిలవండి. మనం తినేచోటే అన్నం పెట్టండి. రేటు ముందే మాట్లాడుకోండి. వచ్చిపోయే ఛార్జీలు వేరుగా ఇవ్వండి. వేరే కులంవాళ్లు కూడా వచ్చి వినేటట్టు చూడండి. ఒకరి కథ ఇంకొకరు వింటే తప్పేం లేదు, మేలే.

మూడు, వీడియో తీసే ముందు అడగండి. ఆ కథ వాళ్ల ఆస్తి. వాళ్లు సరేనంటేనే, పూర్తిగా తీయండి. ఒక కాపీ వాళ్లకే ఇవ్వండి.

పటం బాగా పాతబడి చిరిగిపోతే దాన్ని చెత్తలో వేయరు. పూజ చేసి ఏట్లో కలుపుతారు, కొత్త పటం రాయించుకుంటారు. కథకు కూడా ఒక చావు, ఒక పుట్టుక ఉన్నాయన్నమాట. పాత ఏర్పాటును ఏట్లో కలిపేద్దాం, అందులోని అవమానంతో సహా. కానీ కొత్త పటం రాయించాలి కదా. ఆ ఖర్చు ఎప్పుడూ వినేవాళ్లదే.

నేను ఆ ముసలాయన కోసం వెతుకుతున్నాను. కూనపులివాళ్ల జాడ మీకెవరికైనా తెలిస్తే మీ ఊరి పెద్దలతో కబురు చేయండి. ఈసారి మా వాడంతా కలిసి త్యాగం తేల్చి పెట్టాం. పులి బొమ్మ వచ్చేదాకా మెలకువగానే ఉంటాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.