కోడి వేపుడు కరకరలాడేదెలా?

హోటల్లో తినే కోడి వేపుడు పైన కరకరలాడుతుంది. లోపల మెత్తగా, రసం ఊరుతూ ఉంటుంది. అదే ఇంట్లో చేస్తే ఒక్కోసారి పైపొర మాడినా ఎముక దగ్గర మాంసం పచ్చిగానే ఉంటుంది. మరోసారి ముక్క నూనె పీల్చుకుని మెత్తబడుతుంది. తేడా అంతా మసాలాలోనే ఉందనుకుంటాం. నిజానికి అసలు కీలకం నీటిలో ఉంది.

కోడిమాంసంలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. 170 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నూనెలో ముక్క వేయగానే పైపొరలోని నీరు ఆవిరై, బుడగలుగా బయటికి వస్తుంది. సుయ్‌మనే చప్పుడు దానిదే. ఆవిరి జోరుగా వెలువడుతున్నంతసేపు నూనె లోపలికి అంతగా చొరబడలేదు. నీరు మిగిలి ఉన్నంతవరకు ఆ పొర ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు ఆరిపోయాక పెరుగుతుంది. 140 డిగ్రీలు దాటేసరికి అమైనో ఆమ్లాలు, చక్కెరలు చురుగ్గా చర్య జరిపి బంగారు వన్నెను, కమ్మని వాసనను ఇస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ పేరిట దీన్ని మయార్ చర్య అంటారు. నీళ్ళలో ఉడికించిన కోడికి ఈ వన్నె ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైంది కదా!

వేయించే ముందు

ముక్కలను ఉప్పు కలిపిన మజ్జిగలో నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఉప్పు కండరంలోని మాంసకృత్తులను వదులు చేస్తుంది. అందువల్ల వేడికి ముడుచుకున్నా అవి నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతాయి. పైపూతకు మైదా ఒక్కటే వాడితే అందులోని గ్లూటెన్ వల్ల పొర సాగుతుంది. మూడు పాళ్ళ మైదాకు ఒక పాలు బియ్యప్పిండి కలిపితే కరకర పెరుగుతుంది. పిండి అద్దాక పది నిమిషాలు ఆగితే పొర ముక్కకు బాగా అంటుకుంటుంది.

మూకుడు దగ్గర

ముక్కలన్నీ ఒకేసారి వేస్తే నూనె చల్లబడుతుంది, ఆవిరి జోరు తగ్గుతుంది, పొర మెత్తబడుతుంది. అలాగని నూనెను పొగలు వచ్చేలా కాచినా లాభం లేదు. మాంసంలో వేడి నెమ్మదిగా ప్రయాణిస్తుంది కనుక లోపలికి చేరేలోగా పైన మాడిపోతుంది. చిన్న ముక్కలు చేసుకుని, మూడు నాలుగు చొప్పున 160-170 డిగ్రీల మధ్య వేయించడం మేలు. రంగును చూసి ఉడికిందనుకోకూడదు. పచ్చి కోడిలో సాల్మొనెల్లా వంటి బాక్టీరియా ఉండవచ్చు. అవి నశించాలంటే ముక్క మధ్యభాగం 74 డిగ్రీలకు చేరాలి. వంటింటి థర్మామీటరును ఎముకకు తగలకుండా గుచ్చి చూడటమే నమ్మకమైన పద్ధతి.

మరి హోటళ్ళలో అంత త్వరగా ఎలా వేయిస్తారు? అమెరికాలోని కెంటకీలో హార్లండ్ శాండర్స్ 1939లో ప్రెషర్ కుక్కర్‌తో కోడిని వేయించడం మొదలుపెట్టాడు. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మాంసం త్వరగా ఉడుకుతుంది, తేమ తక్కువగా పోతుంది. ఇప్పుడు ఇందుకోసం ప్రత్యేక యంత్రాలున్నాయి. మన ఇంటి కుక్కర్‌లో మాత్రం ఈ ప్రయత్నం చేయనే కూడదు. దాని రబ్బరు గాస్కెట్ మరిగే నీటికి తగినదే గాని కాగే నూనెకు కాదు. అది పట్టు తప్పితే నూనె ఎగజిమ్ముతుంది.

దించాక

పొయ్యి మీద నుంచి తీసిన ముక్క చల్లారేటప్పుడు రంధ్రాలలోని ఆవిరి నీరుగా మారుతుంది. ఆ ఖాళీలోకి పైన అంటిన నూనె పీల్చబడుతుంది. కాబట్టి తీసిన వెంటనే నూనె వోడ్చి, తీగల జల్లెడ మీద పరచాలి. మూత పెడితే ఆవిరి తిరిగి పొరను తడుపుతుంది. ఇంతసేపు కష్టపడి తరిమిన నీటిని మళ్ళీ ఆహ్వానించడం ఎందుకు?