ట్యాక్స్ కట్టించేది భయమా, యాపా? ‘ఏఐఎస్’ వాడాక నాకు అర్థమైంది ఇదీ!

కొత్త ఫోన్ కొనే ముందు పది రివ్యూలు చూసే మనం, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అనగానే ‘చివరి రోజు చూద్దాంలే’ అంటాం. అయినా 2024 జులై 31 నాటికి 7.28 కోట్ల రిటర్నులు దాఖలయ్యాయి. ఇదంతా నోటీసుల భయమేనా? కాదనే నేనంటాను.

ముందే నింపిన ఫారం

పోర్టల్‌లో లాగిన్ అయితే జీతం, టీడీఎస్, బ్యాంకు వడ్డీ వివరాలు చాలావరకు నింపే ఉంటాయి. మనం సరిచూసుకుని, ఆధార్ ఓటీపీతో 30 రోజుల్లోగా ఈ-వెరిఫై చేస్తే చాలు. పని తేలికైతే వాయిదా వేయాలనిపించదు.

అంతా కనిపిస్తోంది

2023 మార్చిలో వచ్చిన ‘ఏఐఎస్ ఫర్ ట్యాక్స్‌పేయర్’ యాప్ ఓపెన్ చేయండి. పాన్, ఓటీపీ, ఆపై నాలుగంకెల పిన్. సేవింగ్స్ వడ్డీ, డివిడెండ్, షేర్ల లావాదేవీలు వరుసగా కనిపిస్తాయి. మన దగ్గరున్న లెక్కే శాఖ దగ్గరా ఉందని తెలిశాక దాచాలన్న ఆలోచనే రాదు.

గాడ్జెట్ క్రియేటర్లూ, ఇది మీకే! 2022 జులై 1 నుంచి, ప్రమోషన్ కోసం కంపెనీ ఇచ్చిన ఫోన్‌ను మీరే ఉంచుకుంటే, అలాంటి వాటి విలువ ఏడాదికి రూ.20,000 దాటితే 10 శాతం టీడీఎస్ వర్తిస్తుంది. రివ్యూ చేసి తిరిగిచ్చేస్తే లేదు.

నాకు బాగా నచ్చిన ఫీచర్

ఏదైనా ఎంట్రీ తప్పని అనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. ఆ సమాచారం పంపిన సంస్థ దాన్ని ఒప్పుకుందో లేదో కూడా చూపించే సదుపాయం 2024లో వచ్చింది. నా దృష్టిలో అసలు విషయం ఇదే. చూస్తున్నారన్న భయం ఒక ఏడాది ఫైల్ చేయిస్తుంది. నా మాట కూడా వింటారన్న నమ్మకం ఏటా చేయిస్తుంది.

జాగ్రత్త!

నింపి ఉంది కదా అని కళ్లు మూసుకుని సబ్మిట్ కొట్టొద్దు. బ్యాంకు తప్పు పంపినా రిటర్న్‌కు బాధ్యత మీదే. ‘రీఫండ్ కోసం క్లిక్ చేయండి’ అంటూ వచ్చే ఎస్సెమ్మెస్ లింకుల జోలికి అస్సలు వెళ్లొద్దు. రీఫండ్ మీరు పోర్టల్‌లో వ్యాలిడేట్ చేసిన ఖాతాకే వస్తుంది.

నా తీర్పు: యాప్ డిజైన్ ఓకే. ఫీడ్‌బ్యాక్ ఆప్షన్ మాత్రం సూపర్. ఈ రాత్రే ఓసారి ఓపెన్ చేసి మీ ఎంట్రీలు సరిచూసుకోండి!