కీలు లేని రెక్క

2009 సెప్టెంబరు 2న, నల్లమల అడవుల్లో, పావురాలగుట్ట దగ్గర హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు చనిపోయారు. అది బెల్ 430. అలాంటి రెక్కల అమరిక హెలికాప్టర్ల చరిత్రలో ఒక పెద్ద మలుపు. ఆ సంగతి మనవాళ్లకు చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ముందు అసలు చిక్కేమిటో చూద్దాం. రెక్క కొన సెకనుకు 200 మీటర్ల వేగంతో తిరుగుతోందనీ, హెలికాప్టర్ 50 మీటర్ల వేగంతో ముందుకు పోతోందనీ అనుకుందాం. ఎదురు వచ్చే రెక్క కొనకు గాలి 250 మీటర్ల వేగంతో తగులుతుంది, వెనక్కి మళ్లే రెక్కకు 150తోనే. ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే ఆ కొనల దగ్గర ఒకవైపు బలం రెండోవైపు కన్నా రెండున్నర రెట్లు దాటిపోతుంది! రెక్కల్ని గట్టిగా బిగిస్తే యంత్రం పక్కకు ఒరిగి పడిపోతుంది. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తొలి ఆటోజైరోలు (ఎదురుగాలికే పైరెక్కలు తిరిగే విమానాలు) అలాగే దెబ్బతిన్నాయి. ఆయన రెక్క మొదట్లో, తలుపుకు ఉన్నట్టు, ఒక కీలు పెట్టాడు. బలం ఎక్కువైన రెక్క పైకి లేస్తుంది. లేస్తున్నకొద్దీ గాలికి దాని వాలు తగ్గి, బలమూ తగ్గుతుంది. వెనక్కి మళ్లే రెక్క కిందికి దిగుతూ బలం పుంజుకుంటుంది. 1923లో ఆయన ఆటోజైరో సి.4 ఎగిరింది. నా దృష్టిలో రోటర్ (తిరిగే రెక్కల అమరిక) చరిత్రలో ఇంతకన్నా అందమైన ఆలోచన లేదు.

కానీ పైకీ కిందికీ ఊగే రెక్క ముందువెనకలకూ గుంజుకుంటుంది. దానికి ఇంకో కీలు కావాలి. కీళ్లు పెరిగేకొద్దీ బేరింగులు, అరుగుదల, మరమ్మతులు. 1946లో అనుమతి పొందిన బెల్ 47 హెలికాప్టర్‌లో రెండు రెక్కలకూ కలిపి నడుమ ఒకే కీలు. చిన్న ఆటోజైరోల్లో ఇప్పటికీ ఎక్కువగా ఇదే పద్ధతి. అయితే రోటర్ మీద బరువు ఒక్కసారిగా తేలిపోతే హబ్ (రెక్కలు కలిసే నడిమి భాగం) వెళ్లి ఇరుసుకు కొట్టుకునే ప్రమాదం ఉంది.

1967లో ఎగిరిన జర్మనీ హెలికాప్టర్ బీవో 105 ఆ ఊగే కీళ్లనే తీసేసింది. గాజునార రెక్క తానే వంగుతుంది. 1992లో తొలిసారి ఎగిరిన మన ధ్రువ్ హెలికాప్టర్‌దీ కీళ్లు లేని రోటరే. బెల్ 430లో రెక్క వాలు మార్చే బేరింగులు కూడా పోయాయి; మిశ్రమ పదార్థంతో చేసిన పట్టీయే వంగుతుంది, మెలిపడుతుంది.

ఏ హబ్ అయినా సరిచేసేది రెండు పక్కల తేడానే. గాలి మొత్తం కిందికి కుంగితే అది చేయగలిగింది లేదు. పావురాలగుట్ట ప్రమాదంలోనూ విచారణ తప్పుపట్టింది రోటర్‌ను కాదు. ఉరుము మేఘంలోకి వెళ్లడం, అక్కడ కిందికి తోసిన బలమైన గాలి ప్రమాదానికి కారణమని తేల్చింది. నల్లమల మీద మబ్బు కమ్మిన రోజు పైలట్ వద్దంటే, లోపల కూర్చున్నది ఎంతటివారైనా, ఆ మాటే చెల్లాలి.