శిశుసంరక్షణ కేంద్రాల నాణ్యతా రేటింగులు: మక్తల్ నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
బిడ్డను ఏ కేంద్రంలో చేర్చాలో తేల్చుకోవడానికి తల్లిదండ్రులకు తోడ్పడేలా కొన్ని దేశాలు శిశుసంరక్షణ కేంద్రాలకు నాణ్యతా రేటింగులు ప్రకటిస్తున్నాయి. అవి దేనిని కొలుస్తాయి, దేనిని కొలవలేవు అనే విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అటువంటి ప్రకటిత రేటింగులు లేని మక్తల్ ప్రాంతంలో వాటి వెనుక ఉన్న ప్రమాణాలను ఎలా ఉపయోగించుకోవచ్చో, ఆ ప్రమాణాలకు ఏమి చేర్చవలసి ఉందో చర్చిస్తుంది.

కీలకపదాలు: అంగన్‌వాడీ, పూర్వప్రాథమిక విద్య, నాణ్యతా రేటింగు, ఇంటిభాష, వలస, మక్తల్.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన మక్తల్, 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో భాగమైంది. పాలమూరు అనగానే వలస గుర్తుకు వస్తుంది. ముంబయి, పుణె వంటి నగరాలకు కూలికి పోయే కుటుంబాల్లో కొందరు పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు, మరికొందరు పనిచోటికే వెళ్తారు. ఊళ్లోనే ఉన్న తల్లి పత్తి ఏరడానికో కలుపు తీయడానికో పోయినప్పుడు పసిబిడ్డను చూసే బాధ్యత తరచుగా పెద్దకూతురి మీద పడుతుంది. అందువల్ల నమ్మదగిన కేంద్రం దొరకడం, దొరకకపోవడం ఒక్క బిడ్డకు సంబంధించిన విషయం కాదు. తమ్ముడినో చెల్లెలినో ఎత్తుకోవడానికి బడి మానే అక్క చదువు కూడా దానితో ముడిపడి ఉంది.

ఇక్కడి తల్లిదండ్రుల ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి: అంగన్‌వాడీ, ప్రైవేటు బడికి అనుబంధంగా నడిచే నర్సరీ, లేదా ఇల్లు. వీటిలో ఏది మేలో నిర్ణయించడానికి ఆధారమేమిటన్నది ప్రశ్న.

2. రేటింగు స్వరూపం:
శిశుకేంద్రాల నాణ్యతను పరిశోధకులు రెండు విధాలుగా చూస్తారు. గది వైశాల్యం, పిల్లల సంఖ్య, టీచరు శిక్షణ, నీరు, మరుగుదొడ్డి వంటివి నిర్మాణపరమైన నాణ్యత కిందికి వస్తాయి. టీచరు పిల్లలతో మాట్లాడే తీరు, ఏడ్చే బిడ్డను ఓదార్చే విధానం, ఆటకు ఇచ్చే అవకాశం వంటివి ప్రక్రియాపరమైన నాణ్యత. మొదటిదాన్ని లెక్కపెట్టి రాసుకోవచ్చు. రెండవదాన్ని కూర్చుని గమనించవలసిందే.

అమెరికాలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో ప్రచురించిన కొలమానం ఈ పరిశీలనకు ఒక పద్ధతిని ఏర్పరచింది. అందులో ఒక్కో అంశానికి 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తారు. 1 అంటే చాలనిది, 3 అంటే కనీసం, 5 అంటే మంచిది, 7 అంటే ఉత్తమం. చెన్నైలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తమిళనాడు పరిస్థితులకు తగిన కొలమానాన్ని రూపొందించింది. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం 1998లో కేంద్రాలకు నక్షత్రాలిచ్చే విధానాన్ని ప్రారంభించగా, తరువాత అనేక రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఆస్ట్రేలియాలో 2012 నుంచి అమలులో ఉన్న జాతీయ విధానం ఏడు రంగాలలో కేంద్రాన్ని అంచనా వేసి, ఫలితాన్ని బహిరంగంగా ప్రకటిస్తుంది.

3. మొత్తం మార్కు దాచే విషయం:
ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మొదటి కేంద్రానికి వసతుల్లో 7, టీచరు పిల్లల సంబంధంలో 3 వచ్చాయి. రెండవ కేంద్రానికి వసతుల్లో 3, సంబంధంలో 7 వచ్చాయి. రెండింటి సగటు 5. కాగితం మీద రెండూ 'మంచి' కేంద్రాలే. బిడ్డ అనుభవంలో మాత్రం అవి రెండు వేర్వేరు లోకాలు.

ఈ చిక్కును ఆస్ట్రేలియా విధానం కొంతవరకు పరిష్కరించింది. ఏడింటిలో ఏ ఒక్క రంగం ప్రమాణాన్ని అందుకోకపోయినా మొత్తం కేంద్రం 'ప్రమాణాన్ని అందుకున్నది' అనిపించుకోలేదు. అంటే ఒకచోటి లోటును మరొకచోటి మిగులుతో పూడ్చడానికి వీలులేదు.

అమెరికాలోని తొమ్మిది రాష్ట్రాల పూర్వప్రాథమిక తరగతుల సమాచారంపై జరిగిన ఒక పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. అనేక అంశాలను కలిపి ఇచ్చే రేటింగులు పిల్లల అభ్యసనాన్ని అంతగా సూచించలేకపోయాయనీ, విడిగా చూసినప్పుడు టీచరు పిల్లల మధ్య జరిగే పరస్పర చర్యలే మెరుగైన సూచికగా నిలిచాయనీ అది తేల్చింది. కాబట్టి రేటింగును చదివేవారు మొత్తం మార్కు దగ్గర ఆగకుండా ఆ మార్కు ఏ అంశాల వల్ల వచ్చిందో అడగాలి.

4. భారతదేశంలోని ప్రమాణాలు:
సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. పూరక పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి సిఫారసు, పోషకాహార ఆరోగ్య విద్య, పూర్వప్రాథమిక విద్య అనే ఆరు సేవలను అంగన్‌వాడీ అందించాలి. 2013 నాటి జాతీయ శైశవ సంరక్షణ, విద్యా విధానం కొన్ని తప్పనిసరి ప్రమాణాలను పేర్కొన్నది. వాటిలో ముఖ్యమైనవి:

• రోజుకు 3 నుంచి 4 గంటల కార్యక్రమం.
• 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయలు.
• 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 20 మందికి, మూడేళ్లలోపు పిల్లలు 10 మందికి ఒక పెద్ద మనిషి.
• మాతృభాషలో లేదా స్థానిక భాషలో, వయసుకు తగిన బోధన.
• సురక్షితమైన తాగునీరు, పిల్లలకు అనువైన మరుగుదొడ్లు, ప్రథమచికిత్స పెట్టె.

ప్రమాణాలు ఉన్నా వాటి ఆధారంగా కేంద్రంవారీగా తల్లిదండ్రులకు ఫలితాలు ప్రకటించే వ్యవస్థ స్థిరపడలేదు. 2021లో ప్రవేశపెట్టిన పోషణ్ ట్రాకర్‌లో పిల్లల హాజరు, ఎత్తు, బరువు, పోషకాహార పంపిణీ వంటి వివరాలు నమోదవుతాయి. ఆ సమాచారం ప్రధానంగా పర్యవేక్షకుల నుంచి పై అధికారులకు చేరేది. బిడ్డను కేంద్రంలో వదిలి పొలానికి వెళ్లే తల్లికి అది ఎంపికకు పనికివచ్చే రూపంలో అందదు.

5. మక్తల్ సందర్భం:
రేటింగు లేని చోట తల్లిదండ్రులు తమకు కనిపించే గుర్తులనే కొలబద్దలుగా చేసుకుంటారు. యూనిఫాం, ఆంగ్ల మాధ్యమం, మూడేళ్ల బిడ్డ పలకమీద రాసే అక్షరాలు, ఇంటికి ఇచ్చే హోంవర్కు ఆ గుర్తులు. ఈ కోరికను అవివేకమని తోసిపుచ్చడం తగదు. తాము పోగొట్టుకున్న చదువు బిడ్డకు దక్కాలనే ఆశ దానిలో ఉంది. అయితే తెలంగాణ, రాజస్థాన్, అస్సాం రాష్ట్రాల పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల వరకు అనుసరించి, 2017లో నివేదిక వెలువరించిన అధ్యయనం వేరొక చిత్రాన్ని చూపింది. ప్రైవేటు కేంద్రాలు ప్రాథమిక తరగతుల చదువునే చిన్నపిల్లలపై దించుతుండగా, అంగన్‌వాడీలలో పూర్వప్రాథమిక విద్య నామమాత్రంగా ఉంది. వయసుకు తగిన ఆటపాటల బోధన రెండుచోట్లా కొరవడింది. కేంద్రం పేరు మారినంత మాత్రాన నాణ్యత మారదని దీనివల్ల తెలుస్తుంది.

మక్తల్‌కు ప్రత్యేకమైన అంశాలు మరి రెండు ఉన్నాయి. మొదటిది భాష. కర్ణాటక సరిహద్దున, రాయచూరుకు చేరువగా ఉన్న ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు కన్నడం, ఉర్దూ, తండాల్లో లంబాడీ వినిపిస్తాయి. కేంద్రంలోని భాష తెలియని మూడేళ్ల బిడ్డ మౌనంగా ఉంటే అది బిడ్డ మందకొడితనం కాదు. ఇంటిభాషలో ఒక్క మాటైనా తిరిగి పలికే మనిషి అక్కడ లేకపోవడం.

రెండవది కాలం. విధానంలోని 3, 4 గంటలు చదువుకు సరిపోయే వ్యవధి, కూలిపనికి సరిపోయేది కాదు. మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ప్రధానంగా ఇచ్చేది ఇంటికి తీసుకుపోయే ఆహారమే. తెలంగాణలో దానిని బాలామృతం అంటారు. రోజంతా బిడ్డను చూసే బాధ్యత అందులో లేదు. 50 మంది ఉద్యోగులున్న సంస్థ శిశుసదనం ఏర్పాటు చేయాలని 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం ఆదేశించింది. పత్తిచేలో కూలి చేసే తల్లికి అటువంటి సంస్థ లేదు. వసతులన్నిటిలో పూర్తి మార్కులు పొందిన కేంద్రమైనా ఆమె చేను దాటి రాకముందే మూతపడితే ఆ బిడ్డ తిరిగి అక్క చంకలోకే చేరుతుంది.

6. ఎంపికకు ఉపకరించే పరిశీలన:
కొలమానాల సారాన్ని ఒక గంట పరిశీలనగా మార్చుకోవచ్చు. చేర్పించే ముందు బిడ్డతోపాటు కేంద్రంలో కూర్చుని ఈ కింది విషయాలు గమనించవచ్చు:

• రిజిస్టరులో ఉన్నవారు కాక ఆ సమయానికి ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు ఉన్నారు?
• టీచరు పిల్లల పక్కన కూర్చుని మాట్లాడుతున్నారా, కూర్చున్నచోటి నుంచే ఆజ్ఞాపిస్తున్నారా?
• బిడ్డ ఏడ్చినప్పుడు ఎవరు, ఎంతసేపటికి దగ్గరకు తీసుకుంటారు?
• ఆటవస్తువులు పిల్లల చేతికి అందుతున్నాయా, బీరువాలో ఉన్నాయా?
• భోజనానికి ముందు చేతులు కడిగిస్తున్నారా?
• ఇంటిభాషలో అడిగిన బిడ్డకు జవాబు దొరుకుతున్నదా?
• తల్లి పని ముగిసేవరకు బిడ్డ బాధ్యత ఎవరిది?

లోపం కనిపించినప్పుడు దానిని టీచరు వైఫల్యంగా మాత్రమే చూడరాదు. నమోదులు, సర్వేలు, పోషకాహార పంపిణీ ఒకే మనిషిపై పడినప్పుడు తగ్గేది పిల్లలతో గడిపే సమయమే. తల్లులకు చోటున్న అంగన్‌వాడీ స్థాయి పర్యవేక్షణ కమిటీలో ఈ అంశాలను లేవనెత్తవచ్చు.

7. ముగింపు:
రేటింగు ఎంపికకు సాయపడుతుంది గాని ఎంపిక చేసిపెట్టదు. సులభంగా లెక్కపెట్టగలిగినదానికి ఎక్కువ మార్కులు దక్కి, లెక్కకందని ఆదరణ వెనుకబడడం దానిలోని ప్రధాన లోపం. తెలుగు ప్రాంతాలకు తగిన కొలమానాన్ని రూపొందించే పరిశోధకులు విదేశీ అంశాలను అనువదించి సరిపెట్టుకోక, ఇంటిభాషను, కేంద్రం తెరిచి ఉండే వేళలను ప్రత్యేక అంశాలుగా చేర్చాలి. వాటికి వచ్చే తక్కువ మార్కును వేరే అంశాల మార్కులతో పూడ్చే వీలు ఉండకూడదు. మక్తల్‌లో నాణ్యమైన కేంద్రమంటే లోపల చేరిన బిడ్డ నవ్వుతూ ఉండేది మాత్రమే కాదు, ఆ బిడ్డ అక్కను బడికి పోనిచ్చేది కూడా.